బారు మేడమీద కూడిక

ముందుగా ఒక సంగతి తేల్చుకుందాం. మా అక్క బారులో ప్రార్థన పెట్టించలేదు. బారు కింద ఉంది, ప్రార్థన మేడమీద జరిగింది, మేడకి మెట్లు వేరు, ఆ మెట్లకి దారి రోడ్డువైపు నుంచి కాదు, పక్కనున్న కొబ్బరికాయల కొట్టు సందులోంచి. ఈ మాట మా బంధువర్గంలో ఎన్నిసార్లు చెప్పానో నాకే గుర్తులేదు. చెప్పిన ప్రతిసారీ అందరూ బుద్ధిగా తలూపుతారు, ఆ తరవాత వచ్చే పెళ్ళి భోజనాల దగ్గర మళ్ళీ అదే కథ అదే వరసలో వడ్డిస్తారు. కరోనా రోజుల్లో రాజోలులో ఒకావిడ తనకి రోగం తగ్గిందని బారులో కృతజ్ఞత కూడిక పెట్టించిందట, దేవుడు ఊరుకుంటాడా, ఆవిడ భర్తని తీసుకుపోయాడట. దేవుడికి అంత చిన్న బుద్ధి అంటగట్టడానికి వీళ్ళకి నోరెలా వస్తుందో నాకు తెలియదు గాని, కథ మాత్రం చెప్పేవాళ్ళకి రుచిగానే ఉంటుంది, వినేవాళ్ళకీ ఉంటుంది.

మొన్నీమధ్య దిండిలో, గోదావరి పాయ ఒడ్డునున్న ఒక రిసార్టులో మా బంధువుల పిల్ల ప్రధానం జరిగింది. ఉంగరాలు మార్చుకున్నారు, ఫొటోలయ్యాయి, అందరం బల్లల దగ్గర కూర్చున్నాం. మా పెద్దమ్మ కోడలు మనిషి చెడ్డది కాదు, నోరు మాత్రం నాకంటే ఒక ఆకు ఎక్కువ చదివింది. పెళ్ళికొడుకు తరపు ఆడవాళ్ళకి కాలక్షేపం కోసమని కథ ఎత్తుకుంది. "ఈ రిసార్టు కింద బారేమన్నా ఉందేమో చూసుకున్నారా అండీ? మా వాళ్ళలో ఒకావిడ అలాగే చూసుకోకుండా ప్రార్థన చేయించి, ఆయన్ని పైకి పంపించేసుకుంది" అంది. ఆ ఆడవాళ్ళు నవ్వారు. అటు తిరిగి కూర్చుని ఉన్న మా అక్కే ఆ ఒకావిడ అని వాళ్ళకి తెలియదు పాపం. అక్క చేతిలో ముద్ద కంచంలో పెట్టేసి లేచి చెయ్యి కడుక్కుంది. నేను నోరు తెరిచాను. అక్క వెనకనుంచి వచ్చి తడి చెయ్యి నా భుజం మీద వేసి గట్టిగా నొక్కింది. నేను నోరు మూసుకున్నాను. ముప్పయ్యేళ్ళ నుంచి కాలేజీలో రాజనీతి శాస్త్రం చెబుతున్నదాన్ని, ప్రిన్సిపాలు దగ్గరా ఆటోవాడి దగ్గరా ఒకే గొంతుతో వాదించేదాన్ని, ఈ కథలో అసలు సంగతి దగ్గర మాత్రం ఇన్నేళ్ళుగా ఆ చెయ్యి నా నోరు మూయిస్తూ వచ్చింది. ఇక చాలు. ఎందుకు మూసుకున్నానో, ఇప్పుడెందుకు తెరుస్తున్నానో, మన వయసువాళ్ళు చదివి అర్థం చేసుకుంటారని రాస్తున్నాను.

లాక్‌డౌను రోజుల గురించి ఇప్పుడు అందరూ ముత్యాల్లాంటి మాటలు చెబుతారు. కుటుంబాలు దగ్గరయ్యాయట, ఇంటి తిండి విలువ తెలిసిందట, మూడు పూటలా అందరూ కలిసి భోంచేశారట. అంతా నిజమే, ఎవరు వండారన్నది మాత్రం ఆ మాటల్లో ఉండదు. మా ఆయన ఫోనులో చూసి జిలేబీ చేశారు. చేసింది ఆయన, ఫొటో తీసుకుంది ఆయన, మాడిన మూకుడు తోమింది నేను. అక్క ఇంట్లో అయితే హైదరాబాదు నుంచి కొడుకూ కోడలూ పిల్లలతో సహా ఇంటినుంచే పని అని దిగిపోయారు, వాళ్ళు గదిలో తలుపేసుకుని ఇంగ్లీషులో మాట్లాడుకుంటుంటే అక్క పళ్ళాలు గుమ్మందాకా మోసేది. పొద్దున్న పొట్టెక్కలు, మధ్యాహ్నం కూరా పులుసూ, సాయంత్రం బజ్జీలు, రాత్రికి చపాతీలు. పొట్టెక్కలంటే తెలుసు కదా, పనసాకుల బుట్టలు కుట్టి అందులో పిండి పోసి ఉడికించాలి. అంబాజీపేట వెళ్ళి తినివస్తే పోయేదానికి ఇంట్లో బుట్టలు కుట్టించారు మా అక్క చేత.

ఆ వానాకాలంలో అక్కకే వచ్చింది రోగం. వీధికి రెండువైపులా వెదురు కర్రలు కట్టేశారు, పాలవాడు కూడా కర్రల అవతలే నిలబడేవాడు. అక్క మేడమీద గదిలో, బావగారు కింద. మా బావగారు హైస్కూల్లో సైన్సు మాస్టారుగా చేసి రిటైరైన మనిషి, షుగరు ఉన్న మనిషి, అయినా కొడుకునీ కోడల్నీ పిల్లల్నీ వెంటనే మా ఇంటికి పంపేసి, తనే జావ కాచి మెట్లమీద పెట్టి దిగిపోయేవారు. ఆయనకి అంతకుముందు స్టవ్వు వెలిగించడం కూడా రాదు. అక్క తరవాత చెప్పేది, "రుచీ వాసనా పోవడం దేవుడి దయేనే, లేపోతే మీ బావగారి జావకే పోయేదాన్ని" అని. అన్నందుకు ఆయనే అందరికంటే ముందు నవ్వేవారు.

లేచి తిరగడం మొదలుపెట్టాక అక్క మారిపోయింది. గడ్డిపోచంత మనిషయింది గాని, గొంతులో ఏదో కొత్త తెగింపు. ఒక శనివారం పొద్దున్న ఫోను చేసింది.

"ఏమే, వంటయిందా?"

"ఇంకా లేదు."

"అయితే చెయ్యకు. చచ్చి బతికేనే నేను. ఇంక శనివారాలు పొయ్యి వెలిగించను."

అప్పటికే హోటళ్ళు తెరిచారు. రాజోలు సెంటరు దాటాక ఒక బార్ అండ్ రెస్టారెంటు ఉండేది, పేరు చెప్పను. అంతకుముందు మా ఆడవాళ్ళు ఆ ముందునుంచి నడిచేటప్పుడు కొంగు భుజం మీదకి లాక్కుని అవతలి వైపు చూస్తూ పోయేవాళ్ళం. కరోనా వచ్చి మగవాళ్ళ గుంపులు పలచబడేసరికి దాని యజమాని బుర్ర ఉపయోగించి, మేడమీద ఖాళీగా పడున్న ఏసీ హాలుకి రంగేయించి, ఫ్యామిలీ అని బోర్డు పెట్టించాడు. అక్కా బావగారూ నేనూ అక్కడికి వెళ్ళాం. సందులోంచి లోపలికి వెళ్ళగానే నుదుటికి తుపాకీలాంటిది గురిపెట్టి జ్వరం చూసేవాళ్ళు, చేతుల మీద స్పిరిట్టు వాసన ద్రవం కొట్టేవాళ్ళు, సగం బల్లల మీద కూర్చోకూడదని టేపు అంటించి ఉండేది. వడ్డించే వాళ్ళు ఒరిస్సావాళ్ళు, మాస్కు మీద ప్లాస్టిక్కు తొడుగు వేసుకుని తేనెపట్టు తియ్యడానికి వచ్చినవాళ్ళలా ఉండేవారు. వంటమనిషిది మలికిపురం, ఖతర్‌లో పెద్ద హోటల్లో చేసి, ఉద్యోగం పోయి వచ్చినవాడు. అరబ్బుల పద్ధతిలో మాంసం, అన్నం కలిపి ఏదో చేసేవాడు, దాని పేరు అక్కకి ఎప్పుడూ నోరు తిరగలేదు. "ఆ కువైటు అన్నం పట్టుకురా బాబూ" అనేది, వాళ్ళకి అర్థమైపోయేది.

మొదటిరోజు ఆ అన్నం వచ్చింది, అక్క ఒక ముద్ద నోట్లో పెట్టుకుని అబ్బా అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. కారమా అన్నాను. "కాదే, నాలిక కాలింది. వేడిగా ఉంది" అంది. పొయ్యిమీంచి దిగినది దిగినట్టు ఆవిడ ఎప్పుడూ తినలేదు. అందరికీ పెట్టి, మజ్జిగ దాకా చూసుకుని, ఆఖర్న గిన్నెలో అడుగున మిగిలింది చల్లారాక తినడమే ఆవిడకి తెలిసిన భోజనం. అరవై దగ్గరపడిన మనిషి, వేడన్నం తింటే నాలిక కాలుతుందని హోటల్లో తెలుసుకుంది. ఆ రోజుల్లో మేం సరదా పడ్డామని ఎవరైనా అంటే నేను కాదనను. పడ్డాం. చుట్టూ ఆంబులెన్సులు తిరుగుతుంటే పడ్డాం. శనివారం వస్తోందంటే పండగలా ఉండేది. దిండి వెళ్ళి పడవలో రొయ్యల వేపుడు తిన్నాం, పంచాయతీ ఎన్నికల ఊరేగింపులు ఆ మేడమీద కిటికీలోంచి చూస్తూ ఎవడు గెలుస్తాడో పందేలు వేసుకున్నాం, క్రిస్మస్‌కి ఇంట్లో కేకు కూడా చెయ్యకుండా అమలాపురం నుంచి తెప్పించి అత్తవారి తరపు వాళ్ళందరికీ కోపం తెప్పించాం. ఇంత సంతోషంగా అక్కని నేను ఆవిడ పెళ్ళిలో కూడా చూడలేదు.

కింద బారు మామూలుగానే నడిచేది. గ్లాసుల చప్పుడు, వేపిన జీడిపప్పు వాసన, రాజకీయాల మీద అరుపులు మెట్ల దాకా వచ్చేవి. ఒకసారి దిగి వస్తుంటే సందులో మా చర్చి సంఘపెద్ద ఒకాయన ఎదురయ్యాడు. మాస్కు కళ్ళ కింద దాకా లాక్కుని, టోపీ పెట్టుకుని, గోడవైపు తిరిగి బారు వెనక తలుపుకేసి నడుస్తున్నాడు. బావగారు ఆయన్ని నడకలో పోల్చుకున్నారు. పోల్చుకుని ఊరుకుంటారా? వెంటనే తన మాస్కు కిందకి లాగి, "వందనాలండీ" అన్నారు. ఆయన గతి ఏమయిందో మీరే ఊహించుకోండి. ఊళ్ళో మాస్కు సరిగ్గా పెట్టుకున్నవాళ్ళు బారుకెళ్ళేవాళ్ళేనని మేం నెలరోజులు నవ్వుకున్నాం.

నవ్వుకున్నాం గాని, ఆ మాస్కు లాగడం గురించి నేను కాస్త ఆగి చెప్పాలి. మా వైపు లుంగీ మడిచి కట్టుకున్నవాడు పెద్దవాళ్ళు ఎదురైతే ఠక్కున మడత దించేస్తాడు, ఎవరూ నేర్పక్కర్లేదు, చెయ్యే చేసేస్తుంది. కరోనా వచ్చాక అదే చెయ్యి, అదే వేగంతో మాస్కు మీదకి వెళ్ళింది. మూతి కప్పుకుని పెద్దవాళ్ళతో మాట్లాడటమా? పలకరించినప్పుడు ముఖం చూపించకపోతే ఏమనుకుంటారు? రోడ్డుమీద ఒంటరిగా నడిచేటప్పుడు మాస్కు ముక్కుమీద ఉండేది, మనిషి దగ్గరకి రాగానే గడ్డం కిందకి దిగేది, "బాగున్నారాండీ, ఆయ్, మీ దయండీ" అయ్యేది, మనిషి దూరం కాగానే మళ్ళీ పైకెక్కేది. ఉత్త గాలినుంచి కాపాడుకున్నాం, మనుషుల దగ్గర విప్పేశాం. మా బావగారయితే ఈ మర్యాదకి మూలపురుషుడు. క్లాసులో అంటురోగాలు ఎలా పాకుతాయో బొమ్మలు గీసి చెప్పిన మనిషే, పోస్టుమాను వచ్చినా మాస్కు దించి మాట్లాడేవారు. నేను దెబ్బలాడేదాన్ని. "నిజమేనమ్మా, ఆయ్, నువ్వు చెప్పింది నిజమే" అనేవారు, మాస్కు దించి.

కృతజ్ఞత కూడిక పెడతానని అక్క మంచంలో ఉండగానే దేవుడికి మాటిచ్చింది. మా క్రైస్తవ కుటుంబాల్లో పెద్ద జబ్బు నుంచి లేస్తే బంధువుల్నీ సంఘాన్నీ పిలిచి ప్రార్థన పెట్టుకుని భోజనాలు పెట్టడం రివాజు. ఇంటిముందు టెంటు వేస్తారు, పెరట్లో గాడిపొయ్యి తవ్వుతారు, ఎవరికి రోగం తగ్గిందో ఆవిడే తెల్లవారుజామున లేచి ఉల్లిపాయలు తరుగుతుంది. ఈసారి అక్క అడ్డం తిరిగింది. ప్రార్థన పెట్టుకుందాం, భోజనం పెడదాం, కాని మన ఇంటి ఆడది ఎవరూ గరిట ముట్టుకోకూడదు, ఆ మేడమీద హాల్లోనే పెట్టుకుందాం అంది. నేను వెంటనే సై అన్నాను, ఇప్పటికీ అంటాను. కిటికీలు తెరిస్తే గాలి వెలుతురు వచ్చే హాలు, దూరం దూరంగా బల్లలు, వడ్డించేవాళ్ళ మూతులు కప్పి ఉంటాయి, వచ్చేవాళ్ళు దగ్గరి బంధువులే. టెంటు కింద ఒకళ్ళ మోకాళ్ళు ఒకళ్ళకి తగిలేలా కూర్చోబెట్టి, ఇంకొంచెం, ఇంకొంచెం అని ముఖం మీదకి వంగి వడ్డించడం కంటే ఎన్ని రెట్లు నయమో లెక్క వేసుకోండి.

మా అయ్యగారు, అంటే పాస్టరుగారు, మొదట జంకారు. "కింద బారు ఉంది కదమ్మా" అన్నారు.

"ఉందండి. ప్రభువు ఎలాంటి పాపుల ఇళ్ళల్లో భోంచేశాడో మీరే కదండీ ఆదివారం ఆదివారం చెప్తారు?" అంది అక్క.

ఆయన మెత్తబడి, "కనీసం ఆ బోర్డు మీద దుప్పటన్నా కప్పించండమ్మా" అన్నారు. యజమాని నిజంగానే తెల్లదుప్పటి కప్పించాడు, ఆ రోజు కింద వ్యాపారం కూడా ఆపేశాడు. ఈ ముక్క ఎవరూ చెప్పరు. అంటే కూడిక జరిగిన పూట అది బారు కూడా కాదు.

ఇంకో ముక్క కూడా ఎవరూ చెప్పరు. అక్క అనుకున్నది చలికాలం ఆఖర్న. అప్పుడు రోగం పూర్తిగా తగ్గింది, ఊళ్ళో ఒక్క కేసు లేదు, కరోనా పోయిందని అందరూ అనేసుకున్నారు. అప్పుడే పెట్టుకుని ఉంటే ఈ కథే లేదు. మా పెద్దమ్మ వద్దంది. అమ్మకి అక్క, మలికిపురంలో ఉండేది, అమ్మ పోయాక మాకు అమ్మలాంటిది, భక్తి విషయంలో ఆవిడ మాటకి తిరుగులేదు. ఈస్టరుకి ముందొచ్చే శ్రమదినాలు దగ్గరపడ్డాయి, ఆ ఉపవాసాల్లో విందులేమిటి, ఈస్టరు అయ్యాక పెట్టుకోండర్రా అంది. అయ్యగారూ ఔనన్నారు. సరే అని వాయిదా వేశాం. ఈస్టరు వచ్చేసరికి పేపర్లలో మళ్ళీ అంకెలు మొదలయ్యాయి, మహారాష్ట్రలోనట, మనకి కాదట అనుకున్నాం.

ఇక పిలుపులు. ఫోనులో పిలిచెయ్యండి బావగారూ, రోజులు బాగోలేవు అని నేను ఒకసారి కాదు, వరసగా చెప్పాను. ఆయన నొచ్చుకున్నారు. "ఫోనులో పిలిస్తే అది పిలుపు కాదమ్మా, కబురు. గుమ్మంలోకి వెళ్ళి బొట్టు... అదే, మనకి బొట్టు లేదనుకో, చెయ్యి పట్టుకుని రమ్మంటేనే మనిషన్నవాడు వస్తాడు" అన్నారు. స్కూటరు వేసుకుని బయల్దేరారు. ఇల్లిల్లూ తిరిగారు. ప్రతి ఇంట్లో కూర్చున్నారు, ఇచ్చింది తాగారు, మాస్కు జేబులో ఉంది. ఎండకి నల్లబడి తిరిగి వచ్చి, అందరూ వస్తామన్నారమ్మా అని సంబరంగా చెప్పారు. పెద్దమ్మావాళ్ళు మాత్రం ఆఖరు నిమిషంలో పెదనాన్నగారికి ఒంట్లో నలతగా ఉందని రాలేదు. వడగాడ్పు జ్వరం అన్నారు. మేం క్యారేజీ కట్టి పంపాం.

కూడిక బాగా జరిగింది. అయ్యగారు క్లుప్తంగా ముగించారు, అది కూడా ఒక అద్భుతమే. అక్క నిలబడి తన జబ్బు గురించి, బావగారి జావ గురించి సాక్ష్యం చెప్పింది, అందరూ నవ్వారు, ఆయన తలవంచుకుని కూర్చున్నారు. తరవాత అక్క ఒక బల్ల దగ్గర కూర్చుంది, ఒరిస్సా కుర్రాడు వేడివేడిగా తెచ్చి పెట్టాడు, ఇంటావిడ అందరికంటే ముందు తిన్న విందు మా వంశంలో అదొక్కటే. బావగారు పెద్దగా తినలేదు. తిరిగిన అలసటేమో అనుకున్నాం.

మర్నాడు పొద్దున్నకి ఆయనకి జ్వరం.

ఇక్కడ ఎవరైనా బుద్ధి ఉన్నవాళ్ళు ఆగి ఆలోచించాలి. ఈ రోగం లోపలికి వెళ్ళాక బయటపడటానికి కొన్ని రోజులు పడుతుందని ఆ ఏడాది పసిపిల్లలకి కూడా తెలుసు. రాత్రి తిన్నదానికి తెల్లారి రాదు. ఆయన ఆ మేడ ఎక్కేటప్పటికే అది ఆయనలో ఉంది. ఆ ఒక్క ముక్క చాలు, బారు కథ కూలిపోవడానికి. కాని మాకప్పుడు లెక్కలు వేసే స్థిమితం లేదు. అమలాపురంలో మంచం లేదన్నారు, కాకినాడ తీసుకెళ్ళాం. ఆ రోజులు మీరూ చూసినవే, నేను వర్ణించను. లోపలికి ఎవర్నీ రానివ్వలేదు. చివరిసారి ఫోనులో అక్కతో మాట్లాడినప్పుడు ఆయన ఆయాసపడుతూ, వచ్చినవాళ్ళందరూ తృప్తిగా తిన్నారా అని అడిగారట. ప్లాస్టిక్కు సంచిలో చుట్టి ఇచ్చారు. భూస్థాపనకి అయ్యగారూ, కొడుకూ, తొడుగులు వేసుకున్న నలుగురు మనుషులూ. ఊరంతటినీ గుమ్మంలోకి వెళ్ళి పలకరించిన మనిషి గుమ్మంలోంచి ఎవరూ పలకరించకుండా వెళ్ళిపోయారు.

కథ మొదలుపెట్టింది పెద్దమ్మే. ఫోనులో ఏడుస్తూ, "నేను వద్దన్నాను కదే తల్లీ, బారులో ప్రార్థనేంటే, కడుపు తరుక్కుపోతుందే" అంది. ఆవిడ వద్దన్నది చలికాలంలో ముహూర్తాన్ని, బారుని కాదు. కాని ఏడ్చే మనిషితో వాదించడం నాకే చేత కాలేదు. ఆ ముక్క ఇంటినుంచి ఇంటికి పాకింది. కూడికకి వచ్చినవాళ్ళలో మరో ఇద్దరికి జ్వరం వచ్చి తగ్గేసరికి ఇక సాక్ష్యం కూడా దొరికినట్టయింది. తిన్నవాళ్ళే, బాగుందని పార్సిలు కూడా పట్టుకెళ్ళినవాళ్ళే, నెల తిరిగేసరికి "మాకు ముందే ఏదోలా అనిపించిందండీ" అనడం మొదలుపెట్టారు. అక్క శనివారాలు మళ్ళీ పొయ్యి వెలిగించింది.

ఆ ఉధృతి తగ్గాక, వర్షాలు వెనకబట్టాక, బావగారికి ఆదరణ కూడిక ఇంట్లోనే పెట్టారు. పోయినవాళ్ళ గురించి ఒక్కొక్కరూ లేచి మంచిమాట చెప్పడం అందులో ఆనవాయితీ. పెద్దమ్మ కర్ర పట్టుకుని లేచింది. ఆవిడ మాటలు నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తున్నాయి.

"మా ఇంటికి పిలుపుకొచ్చేరండీ. మా ఆయనకి అప్పటికే జ్వరం, ఒకటే దగ్గు, మంచం మీంచి లేవట్లేదు. ఇంకొకళ్ళయితే గుమ్మంలోంచే చెప్పేసి పోదురు. ఈయన లోపలికొచ్చి, మంచం పక్కకి కుర్చీ లాక్కుని, మాస్కు కిందకి తీసి, వందనాలు మావయ్యగారూ అన్నారు. మా ఆయన దగ్గుతుంటే వీపు రాసేరు. నేనిచ్చిన టీ తాగేరు. అంత మర్యాదస్తుణ్ణి ఈ జన్మలో మళ్ళీ చూడనండీ."

గది నిండా ఉన్నవాళ్ళు ఆమెన్ అన్నారు. నేను చుట్టూ చూశాను. మా ఆయన కళ్ళు తుడుచుకుంటున్నారు, అయ్యగారు కళ్ళు మూసుకుని ఉన్నారు. అంతమంది చదువుకున్నవాళ్ళున్న గదిలో ఒక్కరి ముఖం కూడా మారలేదు. ఒక్క అక్క మాత్రం నావైపు చూసింది. లేచి వంటింట్లోకి వెళ్ళింది, వెనకే నేనూ వెళ్ళాను.

"విన్నావా?" అన్నాను.

"విన్నాను. గట్టిగా మాట్లాడకు."

"మాట్లాడకపోడమేంటే? ఇప్పుడే వెళ్ళి అందరి ముందూ అడుగుతాను. నిన్ను ఇన్నాళ్ళూ..."

"అడిగి ఏం చేస్తావే? ఆవిడకి తెలీదు. తెలీకే, పొగుడుతున్నాననుకుని చెప్పింది. ఇప్పుడు తెలిసిందనుకో, ఈ వయసులో ఎలా బతుకుద్ది?"

"మరి నువ్వెలా బతుకుతావ్?"

అక్క స్టవ్వు మీద టీ పొంగుతుంటే మంట తగ్గించింది. "నన్ననుకుంటే నేను మోస్తాను. ఆవిడ మొయ్యలేదే. నా మీద ఒట్టు, ఆవిడ ఉండగా నువ్వు నోరెత్తకూడదు" అంది. తరవాత ఆ టీ గ్లాసుల్లో పోసి, ముందుగా పెద్దమ్మకే తీసుకెళ్ళి ఇచ్చింది.

ఆ రోజు నుంచి ప్రతి భోజనాల దగ్గరా కథ నడుస్తూనే ఉంది, ఆ చెయ్యి నా భుజం మీద పడుతూనే ఉంది. పెదనాన్నగారు ఆ జ్వరం నుంచి లేచి, తరవాతెప్పుడో వయసు మీదపడి పోయారు. పెద్దమ్మ కిందటేడు వానాకాలంలో వెళ్ళిపోయింది. అక్క వేయించిన ఒట్టు అక్కడితో తీరిపోయింది. ఇక దాచి ఎవర్ని కాపాడాలి? పెద్దమ్మ పిల్లలు ఇది చదివితే చదవనీండి. వాళ్ళమ్మని నిందించడానికి రాయడం లేదు. ఆవిడ గుమ్మంలో నిలబడి, "నాయనా, లోపల జ్వరంగా ఉంది, రావద్దు" అని ఉండొచ్చు. అనలేకపోయింది. పిలవడానికి వచ్చిన అల్లుణ్ణి గుమ్మంలోంచి పొమ్మనే మాట మా గోదావరి వాళ్ళ నోటికి పుట్టించలేదు దేవుడు. ఆయనా గుమ్మంలోంచి తిరిగి రాలేకపోయారు. ఇద్దరూ మంచివాళ్ళే. మంచితనాన్ని పట్టుకుని ఎలా వాదించాలో ఏ పుస్తకంలోనూ నేర్పరు. అందుకే మావాళ్ళకి బారు దొరికింది. తప్పు బారుమీదో, అక్కడ కూర్చుని వేడన్నం తిన్న ఆడదాని మీదో వేస్తే ఎవరింటి టీ గ్లాసూ మైల పడదు.

ఇప్పుడు రాజోలు రోడ్డుకి రెండువైపులా రెస్టారెంట్లే, ఆదివారం చర్చి వదలగానే బల్ల దొరకదు, ఆడవాళ్ళు తలెత్తుకుని వెళ్ళి తింటున్నారు. కింద బారుందా లేదా అని ఎవరూ చూడటం లేదు. నాకు సంతోషమే. పిలుపులన్నీ ఫోనులోకి వచ్చేశాయి. దిండి ప్రధానానికి కూడా మాకు మెరిసే కార్డొకటి ఫోనులోనే వచ్చింది, పాటతో సహా, ఎవరూ గుమ్మం ఎక్కలేదు, ఎవరి చెయ్యీ పట్టుకోలేదు. బావగారుంటే దాన్ని పిలుపు అనేవారు కాదు. ఇదేదో అప్పుడే వచ్చి ఉంటే బాగుండేదని ఒకసారి, ఇలా బతికేం లాభమని ఒకసారి అనిపిస్తుంది, నాతో నేనే తగువు పడతాను. ఆ సాయంత్రం దిండిలో అక్క ఒక్కతీ గోదావరి ఒడ్డుకి వెళ్ళి నిలబడితే నేనూ వెళ్ళాను. పడవలు కట్టేసి ఉన్నాయి, నీళ్ళు నల్లగా ఉన్నాయి. ఇంక చెప్పేస్తానే అన్నాను. వద్దనలేదు, చెప్పమనీ అనలేదు. ఆకలేస్తోందా అని అడిగితే లేదంది.

వాదనలో నేను గెలిచానని నాకు తెలుసు. కాని గెలిచినకొద్దీ ఒకటే ప్రశ్న మిగిలిపోతోంది, దానికి పెద్దమ్మ ఉన్నా జవాబు చెప్పలేకపోయేది, అక్కా చెప్పలేదు. మలికిపురంలో ఆ మంచం పక్క కుర్చీలో కూర్చుని, టీ గ్లాసు చేత్తో పట్టుకుని, ఆ దగ్గు వింటున్నప్పుడు, లేచి వెళ్ళిపోవాలని మా బావగారికి ఒక్క క్షణమైనా అనిపించిందా? అనిపించినా, పెద్దాయన నొచ్చుకుంటారని కూర్చుండిపోయారా?